ఓడ ఊగే లెక్క

విశాఖ నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు సముద్రం మీద సుమారు 1,200 కిలోమీటర్లు, రెండున్నర రోజుల దాకా ప్రయాణం. ఆ దారిని మ్యాపు మీద గీసి చూడండి. ఓడ ఆగ్నేయానికి పోతుంది. వర్షాకాలంలో బంగాళాఖాతం కెరటాలు ఎక్కువగా నైరుతి నుంచి వస్తాయి. కాబట్టి వెళ్లేటప్పుడు కుడి పక్కన, తిరిగొచ్చేటప్పుడు ఎడమ పక్కన తగులుతాయి. పోర్ట్‌బ్లెయిర్‌లో స్థిరపడ్డ శ్రీకాకుళం కుటుంబాలు జూన్, జులై ప్రయాణానికి నిమ్మకాయలూ వాంతుల మాత్రలూ సర్దుకునేది ఊరికే కాదు.

కెరటం ఎంత ఎత్తుంటే ఓడ అంత ఊగుతుందనుకుంటాం. ఎత్తు కంటే వేళ ముఖ్యం. ఓ పక్కకు ఒరిగి, రెండో పక్కకు ఒరిగి, మళ్లీ మొదటికి రావడానికి ప్రతి ఓడకూ తనదైన సమయం ఉంటుంది. దానికో మోటు సూత్రముంది: ఓడ వెడల్పును 0.8తో గుణించి, జీఎం వర్గమూలంతో భాగించాలి. జీఎం అంటే ఓడ నిలకడకు కొలత, మీటర్లలో చెబుతారు. వెడల్పు 20 మీటర్లు, జీఎం ఒక మీటరు అయితే 16 సెకన్లు. అలాంటి ఓడను 8 సెకన్లకోసారి పక్కన కొట్టే మూడు మీటర్ల కెరటం పెద్దగా ఒరిగించలేదు. దక్షిణ హిందూ మహాసముద్రంలో ఎక్కడో పుట్టి, 16 సెకన్లకోసారి సాఫీగా వచ్చే రెండు మీటర్ల ఎత్తున్న పొడవాటి అల మాత్రం ఉయ్యాలను వేళకు తోసినట్టు తోస్తుంది.

ఓడ వేగం కూడా లెక్కలోకి రావాలి. లోతు సముద్రంలో 10 సెకన్ల అల పొడవు 156 మీటర్లు, వేగం దాదాపు 30 నాట్లు. 15 నాట్లతో ఎదురెళ్లే ఓడకు అది 6.7 సెకన్లకోసారి తగులుతుంది. వెనక నుంచి వస్తే 20 సెకన్లకోసారి. వెనకే గానీ 40 డిగ్రీలు పక్కగా వస్తే? దాదాపు 16 సెకన్లు! సముద్రం మారలేదు, చుక్కాని తిరిగిందంతే.

ఈ లెక్కలన్నీ ప్రతి దిక్కుకూ, ప్రతి వేగానికీ చేతితో చేయడం మనిషి వల్ల కాదు. కంప్యూటర్ ఓడ అడుగును రొట్టెముక్కల్లా అడ్డంగా కోసి, ఒక్కో ముక్క మీద నీటి ఒత్తిడి కట్టి, అన్నీ కూడుతుంది. ఈ పద్ధతికి 1970లో సాల్వెసెన్, టక్, ఫాల్టిన్‌సెన్ ఇచ్చిన రూపమే ఇప్పటికీ వాడుకలో ఉంది. ముందువెనకల ఊపు, పైకీ కిందికీ లేవడం ఇది బాగానే చెబుతుంది. పక్క ఊపు దగ్గరే తడబడుతుంది. పక్కకు ఒరిగే ఓడ అలలు పెద్దగా పుట్టించదు. దాని ఊపు చల్లారేది అడుగు మూలల్లో లేచే సుడుల వల్ల. ఆ సుడులు ఈ లెక్కలో లేవు. అందుకని నమూనా ఓడను నీళ్లతొట్టిలో ఊపి, ఎంతసేపట్లో ఆగిందో కొలిచి, ఆ అంకెను కంప్యూటర్‌కు అందిస్తారు. ఇంజనీరు విలియం ఫ్రూడ్ 1870ల్లోనే ఇంగ్లండ్‌లో నమూనాలను తొట్టిలో లాగి పరీక్షించాడు. మన విశాఖలో నౌకాదళ పరిశోధనశాల ఎన్‌ఎస్‌టీఎల్‌కు 500 మీటర్ల తొట్టి ఉంది.

జీఎం కూడా స్థిరం కాదు. సరుకు దించితే, ట్యాంకుల్లో ఇంధనం తగ్గితే మారుతుంది. లెక్కకు సంబంధించినంతవరకు వెళ్లిన ఓడా, తిరిగొచ్చిన ఓడా ఒకటి కాదు.

చిన్న పడవలకు ఇంత లెక్క ఎవరు కడతారు? హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ మరో దారి పట్టింది. ఏడు మీటర్ల లోపు వెడల్పున్న పడవలకు, బోల్తా పడే ప్రమాదమున్న చోట్లను పది రోజుల ముందు నుంచే సూచిస్తుంది. అండమాన్ కూడా అందులో ఉంది. అల ఎత్తొక్కటే చూడరు. ఎంత నిటారుగా ఉంది, ఎన్ని దిక్కుల నుంచి వస్తోంది, గాలి ఎంత త్వరగా ముదురుతోంది అన్నవి కలిపి సూచిక కడతారు. నాకు నచ్చింది ఆ నిటారుతనం లెక్కే. చిన్న పడవకు ఎత్తు కంటే అదే ముప్పు.

అయితే ఇది సముద్రం గురించి చెప్పే లెక్క. పడవలో ఎంతమంది ఎక్కారో దానికి తెలియదు. 2014 జనవరి 26న పోర్ట్‌బ్లెయిర్ దగ్గర పర్యాటకుల పడవ మునిగి ఇరవై మందికి పైగా చనిపోయారు. అందులో పరిమితికి మించి జనం ఉన్నారు.