ఈ వెయిటింగ్ లిస్టుకి నంబరుండదు

మార్చి నెలాఖరు వచ్చిందంటే ఇక్కడ అమెరికాలో పన్నెండో తరగతి పిల్లలున్న తల్లులకి కంటిమీద కునుకుండదు. మన దగ్గర ఎంసెట్ ఫలితాల రోజుల్లాంటివే అనుకోండి. ఇప్పుడు దాని పేరు ఈఏపీసెట్ అయింది గానీ, మా తరానికి అది ఎంసెట్టే. అయితే ఒక తేడా ఉంది. ఎంసెట్లో మంచిదో చెడ్డదో ఒక రాంకు చేతికొస్తుంది. ఇక్కడ అంకె రాదు, కాలేజీ నించి జవాబొస్తుంది. అందులో 'రండి' అనైనా ఉంటుంది, 'వద్దు' అనైనా ఉంటుంది. రెండూ కాని మూడోది ఒకటుంది. 'మిమ్మల్ని వెయిట్‌లిస్టులో పెట్టాం, ఉంటారా?' అని.

రెండేళ్ళ క్రితం మా అమ్మాయికి ఆ మూడోది వచ్చింది. అదీ తను మనసు పడ్డ ఒక చిన్న కాలేజీ నించి. తెనాలిలో ఉన్న మా అమ్మకి ఫోన్లో చెబితే, "ఎన్నో నంబరే?" అంది వెంటనే. రైలు టిక్కెట్టు వెయిటింగ్ లిస్టు మనకి అలవాటే కదా! 40 ఉన్నది 12 అవుతుంది, ఆర్ఏసీ అవుతుంది, చార్టు వేసే వేళకి బెర్తు దొరికినా దొరుకుతుంది. అమ్మ అడిగిందాంట్లో వింతేమీ లేదు. నంబరే లేని వెయిటింగ్ లిస్టు ఉంటుందని, ఇరవై ఏళ్ళుగా ఇక్కడే ఉంటున్న మనవాళ్ళల్లోనూ చాలామందికి తెలీదు.

ముందు ఆ కాలేజీల సంగతి చెప్పాలి. లిబరల్ ఆర్ట్స్ కాలేజీ అనగానే మనవాళ్ళ మొహం చిన్నబోతుంది. "ఇంత మ్యాథ్స్ చదివించి ఆఖరికి ఆర్ట్స్ గ్రూపులో వేస్తారా!" అంటారు. అది ఆర్ట్స్ గ్రూపు కాదు. ఫిజిక్సు, లెక్కలు, కంప్యూటర్ సైన్సు, ఎకనామిక్సు, సాహిత్యం అన్నీ ఉంటాయి. మొదటి రెండేళ్ళు నాలుగు రకాలూ చదివి, ఆ తర్వాత దేన్లో డిగ్రీ కావాలో తేల్చుకోవచ్చు. చాలావాటిలో పీహెచ్‌డీ విద్యార్థులుండరు కాబట్టి పాఠాలు ప్రొఫెసర్లే చెబుతారు. కాలేజీ మొత్తానికి పదిహేను వందలో, రెండు వేలో పిల్లలుంటారు. దాదాపు అందరూ హాస్టళ్ళలోనే.

వీటిలో ఆడపిల్లల కోసమే పుట్టినవీ ఉన్నాయి. మసాచుసెట్స్ రాష్ట్రంలో మేరీ లయన్ అనే టీచరమ్మ ఊరూరా తిరిగి చందాలు పోగుచేసి 1837లో మౌంట్ హోల్యోక్ మొదలుపెట్టింది. అదే రాష్ట్రంలో 1875లో స్మిత్, వెల్‌స్లీ కాలేజీలు తలుపులు తెరిచాయి. ఇవన్నీ ఇప్పటికీ నడుస్తున్నాయి.

ఇక అందరినీ హడలెత్తించే అడ్మిషన్ రేటు. విలియమ్స్, స్వార్త్‌మోర్, పొమోనా లాంటి చోట్ల ఈమధ్య ఏళ్ళల్లో నూరుమంది అప్లై చేస్తే సీటు ఇస్తున్నది పదిమందికన్నా తక్కువకే. ఈ అంకె చూడగానే మనం 'అమ్మో, ఎంత గొప్ప కాలేజీయో' అనుకుంటాం. అందులో గొప్పతనం ఎంత, భాగహారం ఎంత అని ఎవరూ అడగరు. ఆ కాలేజీల్లో ఏటా చేరేది నాలుగైదు వందలమందే. పెరిగింది అప్లికేషన్లు. 1975లో పదిహేను కాలేజీలు కలిసి 'కామన్ అప్లికేషన్' అని ఒకే ఫారం పెట్టుకున్నాయి. ఇప్పుడది వెయ్యికి పైగా కాలేజీలకి పనికొస్తుంది. పైగా 2020లో కోవిడ్ వచ్చాక చాలా కాలేజీలు శాట్ మార్కులు తప్పనిసరి కాదన్నాయి. అప్పట్లో అయిదు కాలేజీలకి రాసే పిల్ల ఇప్పుడు పదిహేనింటికి రాస్తోంది. సీట్లు అన్నే ఉండి, రాసేవాళ్ళు మూడింతలైతే రేటు పడిపోక ఏమవుతుంది?

రేటు ఎక్కువున్న కాలేజీ తీసిపోయినదనీ కాదు. మౌంట్ హోల్యోక్, బ్రిన్ మార్ లాంటి చోట్ల సీటొచ్చే అవకాశం విలియమ్స్‌తో పోలిస్తే ఎన్నో రెట్లు ఎక్కువ. ఎక్కువగా ఆడపిల్లలే అప్లై చేస్తారు కాబట్టి రాసేవాళ్ళే తక్కువ. చదువు చెప్పడంలో తక్కువని ఎవరైనా అంటే నేనొప్పుకోను.

మరి వెయిట్‌లిస్టు ఎందుకు? ఇది మన ఇళ్ళల్లో ఆడవాళ్ళకి చిటికెలో అర్థమయ్యే లెక్క. పెళ్ళి భోజనాలకి విస్తళ్ళు లెక్కేసినట్టే. ఉదాహరణకి ఒక కాలేజీలో 500 సీట్లున్నాయనుకుందాం. పిలిచిన వాళ్ళంతా రారు, వాళ్ళకీ వేరే చోట్ల నించి పిలుపులుంటాయి. పదిమందిని పిలిస్తే నలుగురొస్తారని పాత అనుభవం చెబితే 1,250 మందిని పిలవాలి. కానీ అయిదుగురొచ్చారా, 625 మంది! హాస్టల్లో మంచాలెక్కడివి? ముగ్గురే వస్తే సీట్లు ఖాళీ, ఫీజులు పోయినట్టే. అందుకని కాస్త తక్కువ మందిని పిలిచి, 'అవసరమైతే కబురు చేస్తాం' అని మరి కొందరిని వాకిట్లో నిలబెడతారు. మా అమ్మాయిని నిలబెట్టింది ఆ వాకిట్లోనే.

వాకిట్లోంచి పిలిచేటప్పుడు కూడా ముందొచ్చిన వాళ్ళనో, మార్కులెక్కువ వాళ్ళనో పిలవరు. పంక్తిలో ఏ విస్తరి ఖాళీగా ఉందో చూస్తారు. కెమిస్ట్రీ చదివేవాళ్ళు తగ్గారా, ఫలానా రాష్ట్రం నించి ఎవరూ రాలేదా, మగపిల్లలు తక్కువయ్యారా అని. అందుకే నంబర్లుండవు. ఇంకొక మాట. అడ్మిషన్ ఇచ్చేటప్పుడు డబ్బు సంగతి చూడమనే కాలేజీలు కూడా కొన్ని, వెయిట్‌లిస్టు దగ్గరికొచ్చేసరికి చూస్తాయి. స్కాలర్‌షిప్పు నిధి అప్పటికే ఖర్చయి ఉంటుంది కదా! ఇలాంటి పెద్ద పేరున్న చోట్ల ఏడాది ఖర్చు 80 వేల డాలర్లు దాటిపోయింది. పూర్తి ఫీజు కట్టగలిగిన పిల్లకి కబురొచ్చే వీలెక్కువ.

డబ్బున్న వాళ్ళకి అనుకూలమైనది ఇంకొకటుంది, ఎర్లీ డెసిషన్. నవంబరులోనే ఒక్క కాలేజీకి 'సీటిస్తే తప్పక చేరతాను' అని మాటిచ్చి అప్లై చెయ్యడం. చాలా చిన్న కాలేజీలు సగం సీట్లు ఇలాగే నింపేస్తున్నాయి. మాటిచ్చాక రెండు కాలేజీల స్కాలర్‌షిప్పులు పక్కపక్కన పెట్టి చూసుకునే వీలుండదు. రూపాయి రూపాయి చూసుకునే ఇళ్ళకి అది కుదిరే పని కాదు. మేమూ వెయ్యలేదు. మార్చిలో మిగిలిన సగం సీట్లకే మిగతా లోకమంతా పోటీ పడుతుందని మాత్రం తెలిసి ఉండాలి.

ఆడపిల్లల తల్లులు తప్పకుండా తెలుసుకోవలసింది మరొకటుంది. అమెరికా కాలేజీల్లో ఇప్పుడు నూటికి 57 మంది దాకా అమ్మాయిలే. మగపిల్లలూ ఆడపిల్లలూ కలిసి చదివే చిన్న కాలేజీలకి అమ్మాయిల అప్లికేషన్లు మరీ ఎక్కువ. క్లాసు సమంగా ఉండాలని కొన్ని కాలేజీలు అబ్బాయిలకి కాస్త సులువుగా సీటిస్తాయి. ఇది నా ఊహ కాదు. ఒహాయో రాష్ట్రంలో కెన్యన్ అనే కాలేజీ ఉంది. దాని అడ్మిషన్ల అధికారిణి జెనిఫర్ డెలహంటీ బ్రిట్జ్ 2006 మార్చిలో న్యూయార్క్ టైమ్స్ పత్రికలో ఈ సంగతి బాహాటంగా రాసింది. తాము కాదన్న ఆడపిల్లలందరికీ జవాబు చెబుతున్నట్టు ఉంటుందది. ఆడపిల్లలు అరవై శాతం దాటితే అటు అబ్బాయిలకీ ఇటు అమ్మాయిలకీ కూడా ఆ కాలేజీ మీద మోజు తగ్గుతుందని యాజమాన్యాల భయమట. ఇంతకీ ఆవిడ కూతురికి కూడా అప్పుడే ఒక కాలేజీ నించి వెయిట్‌లిస్టు జవాబే వచ్చింది!

ఇది చట్టానికి విరుద్ధం కాదా అంటారేమో. 1972లో వచ్చిన టైటిల్ నైన్ చట్టం చదువుల్లో ఆడామగా తేడా చూపించకూడదంది. కానీ ప్రైవేటు కాలేజీల డిగ్రీ అడ్మిషన్లని అందులోంచి మినహాయించింది. 2009లో ప్రభుత్వ పౌరహక్కుల కమిషన్ విచారణ మొదలుపెట్టి, 2011లో మధ్యలోనే వదిలేసింది. చదువుకోమని రెండు వందల ఏళ్ళు పోరి ఆడపిల్లల్ని బడికి పంపించి, వాళ్ళు బాగా చదివేసరికి 'మరీ ఎక్కువమంది వచ్చారు' అనడం నాకైతే మింగుడుపడలేదు.

ఈ అంకెలన్నీ ఎక్కడ చూడాలంటే, చాలా కాలేజీలు ఏటా 'కామన్ డేటా సెట్' అని ఒక లెక్కల పత్రం బయటపెడతాయి. అందులో అబ్బాయిలెంతమంది రాశారు, ఎంతమందికిచ్చారు, అమ్మాయిలెంతమంది అని విడివిడిగా ఉంటుంది. వెయిట్‌లిస్టులో ఎంతమందిని పెట్టారో, చివరికి ఎంతమందిని పిలిచారో కూడా ఉంటుంది. ఒక్క ఏడాదిది చూసి ఆశపడకండి. కోవిడ్ వచ్చిన 2020లో ఎవరొస్తారో తెలీక చాలా కాలేజీలు వెయిట్‌లిస్టులోంచి బాగా పిలిచాయి. మామూలు ఏడాదిలో ఒక్కరినీ పిలవని కాలేజీలూ ఉన్నాయి. తీసుకునే వాళ్ళకన్నా ఎక్కువమందిని లిస్టులో పెట్టడం మరీ అన్యాయం. పదిహేడేళ్ళ పిల్లల ఆశతో ఆడుకోవడమే అది.

జవాబొచ్చాక ఏం చెయ్యాలి? లిస్టులో ఉంటానని చెప్పడానికి డబ్బు కట్టక్కర్లేదు. ఉండాలనిపిస్తే ఉండండి. పిల్ల చేత ఒక్క పేజీ ఉత్తరం రాయించండి, జనవరి తర్వాత తను కొత్తగా ఏం చేసిందో, ఆ కాలేజీయే ఎందుకో, పిలిస్తే వస్తుందో రాదో. ఒక్కసారి చాలు. వారం వారం ఫోన్లు చెయ్యడం, తెలిసిన పెద్దవాళ్ళ చేత సిఫారసులు పంపడం ఇక్కడ పనిచెయ్యవు, ఇంకా విసుక్కుంటారు. ముఖ్యంగా, మే 1 లోపల సీటొచ్చిన ఇంకో కాలేజీకి అడ్వాన్సు కట్టెయ్యాలి. వెయిట్‌లిస్టు కదలడం సాధారణంగా ఆ తర్వాతే మొదలవుతుంది. పిలుపొస్తే ఆ అడ్వాన్సు పోతుంది, పోనివ్వండి. మా అమ్మాయి ఏప్రిల్ నెలంతా మొహం వేలాడేసుకుని తిరిగింది. మే 1న అడ్వాన్సు కట్టాక, సీటొచ్చిన కాలేజీ వాళ్ళ పాఠాల జాబితా ముందేసుకుని కూర్చుంది. జూన్ చివర్లో ఆ వెయిట్‌లిస్టు కాలేజీ నించి 'లిస్టు మూసేశాం' అని రెండు వాక్యాలొచ్చాయి. అప్పటికి తను హాస్టల్లో ఫ్రిజ్ ఎవరు తేవాలో కాబోయే రూమ్మేటుతో ఫోన్లో తగువు పడుతోంది.

హైదరాబాదు, విజయవాడల నించి అప్లై చేసే పిల్లలకి ఇంకో చిక్కుంది. విదేశీ విద్యార్థుల విషయంలో డబ్బు సంగతి చూడకుండా సీటిచ్చే కాలేజీలు ఆమ్హెర్స్ట్, బౌడిన్ లాంటివి చాలా కొద్ది. మిగతాచోట్ల వెయిట్‌లిస్టులోంచి స్కాలర్‌షిప్పుతో సహా పిలుపొస్తుందని నమ్ముకోవడానికి వీల్లేదు. పిలుపొచ్చినా రెండు మూడు రోజుల్లో జవాబు చెప్పమంటారు. ఆ తర్వాత బాంకు కాగితాలు పంపాలి, కాలేజీ నించి ఐ-20 రావాలి, హైదరాబాదు కాన్సులేట్‌లో వీసా ఇంటర్వ్యూకి తేదీ దొరకాలి. ఆగస్టు చివర్లో క్లాసులు మొదలవుతాయి. జూన్ 20న ఫోనొస్తే ఇవన్నీ అయ్యే పనేనా, స్కాలర్‌షిప్పు లేకపోతే వెళ్ళగలమా అన్నది మే నెలలోనే ఇంట్లో అందరూ కూర్చుని తేల్చుకోండి. ఆ కూర్చునేటప్పుడు పిల్లని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి.