ఇంట్లో రైలు నడిపితే ఇంజన్ ఎక్కగలమా?

గరివిడి అనగానే మాంగనీసు, ఫెర్రో అల్లాయ్స్ గుర్తుకొస్తాయి గానీ, ఆ ఊరు హౌరా–చెన్నై మెయిన్ లైను మీద ఉందన్న సంగతి రైలు పిచ్చి ఉన్నవాళ్లు మరిచిపోరు. అలాంటి పిచ్చి ఉన్న కుర్రాళ్లు ఈ రోజుల్లో ఇంట్లోనే బండి నడిపేస్తున్నారు. 2001లో మైక్రోసాఫ్ట్ ట్రైన్ సిమ్యులేటర్ వచ్చినప్పుడు అందులో మన దేశపు లైను ఒక్కటీ లేదు. తరవాత మన అభిమానులే డబ్ల్యూఏపీ-7 లాంటి ఇంజన్లకు నమూనాలు కట్టుకుని, ఓపెన్ రైల్స్ అనే ఉచిత ప్రోగ్రాంలో పరుగులు పెట్టించారు. ఇలా గంటలకొద్దీ కూర్చుంటే నిజంగా ఏమైనా వంటబడుతుందా, లేక మెడనొప్పే మిగులుతుందా? వంటబడుతుందనే పరిశోధనలు చెబుతున్నాయి. అయితే చాలామంది అనుకున్నట్టు తెర మీది బొమ్మ ఎంత సహజంగా ఉంటే అంత లాభం అనేది మాత్రం నిలబడదు.

ఇందుకు గట్టి రుజువు విమానాల నుంచే వచ్చింది. ఇజ్రాయెల్ వైమానిక దళంలో శిక్షణలో ఉన్నవాళ్ల చేత స్పేస్ ఫోర్‌ట్రెస్ అనే కంప్యూటర్ ఆటను 10 గంటలు ఆడించారు. ఆ ఫలితాలు 1994లో వెలువడ్డాయి. ఆ ఆటకు విమానం పోలికలు బొత్తిగా లేవు. అయినా ఆడినవాళ్లు ఆడనివాళ్లకంటే నిజం విమానాన్ని మెరుగ్గా నడిపారు. ఒకేసారి నాలుగు పనులు మీద పడ్డప్పుడు దేని మీద ఎంత దృష్టి పెట్టాలో ఆట నేర్పింది, ఆకాశంలో అక్కరకొచ్చిందీ అదే. 1999లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం వారు మామూలు కంప్యూటరు మీద, పరికరాల ఆధారంగా విమానం నడిపే పాఠాలు చెప్పి చూశారు. కొత్త పాఠం మొదలుపెట్టేటప్పుడు ఆ సాధన బాగా కలిసొచ్చింది, వచ్చిన పాఠాన్నే మళ్లీ తిరగేస్తే లాభం తగ్గిపోయింది. ఆట మరిగినవాళ్లకు రుచించని ఫలితమే ఇది, ఎందుకంటే ఇంట్లో మనం చేసేది ఎక్కువగా వచ్చినదాన్నే మళ్లీ మళ్లీ చేయడం.

రైలు సంగతికొస్తే, నిజం ఉద్యోగంలో అరుదుగా ఎదురయ్యే స్థితులను కోరుకున్నన్నిసార్లు తెచ్చి ముందుంచడమే సిమ్యులేటర్ చేసే పెద్ద మేలు. 2023 అక్టోబర్ 29 రాత్రి విజయనగరం జిల్లా కంటకాపల్లి–అలమండ మధ్య, పలాస వెళ్లే పాసింజరును వెనక నుంచి రాయగడ పాసింజరు ఢీకొని 14 మంది చనిపోయారు. చెడిపోయిన ఆటోమేటిక్ సిగ్నల్ దగ్గర ఆగి, 2 నిమిషాలు వేచి ఉండి, ఆపైన గంటకు 10 కిలోమీటర్లు మించకుండా వెళ్లాలన్న నిబంధనను రాయగడ బండి పాటించలేదని రైల్వే ప్రాథమిక విచారణ తేల్చింది. నిబంధన తెలియని డ్రైవరు ఉంటాడా, తెలిసినదాన్ని సిమ్యులేటర్ కొత్తగా ఏం నేర్పుతుంది అని అడగవచ్చు. తెలియడం వేరు, చెయ్యి దానంతటదే ఆ పని చేయడం వేరు. ఏళ్లకొకసారి వచ్చే సందర్భాన్ని వారం వారం ఎదుర్కొన్నవాడికి అది అలవాటవుతుంది. అందుకే రైల్వే శిక్షణ కేంద్రాలు సిమ్యులేటర్లు పెట్టుకున్నాయి. ఇంటి కంప్యూటర్లో ఉన్న చిక్కల్లా, ఆ 2 నిమిషాలు ఊరికే కూర్చోబుద్ధి కాకపోవడం. కాలాన్ని ముందుకు తోసేస్తాం, లేదా ఆటను మళ్లీ మొదటినుంచి మొదలుపెడతాం. అలా చేస్తే అలవాటయ్యేది నిబంధనను దాటెయ్యడమే.

ఇక బ్రేకు ఉంది. లోకో పైలట్లు ఎ-9 అని పిలిచే హ్యాండిల్ తిప్పితే బ్రేకు పైపులో 5 కిలోల ఒత్తిడి తగ్గడం మొదలవుతుంది. ఆ తగ్గుదల చివరి వ్యాగను దాకా పాకడానికి కొంత సమయం పడుతుంది, ఈలోపు వెనక బరువు ముందుకు నెడుతుంది. తెర మీద ముల్లు పడిపోవడం కనిపిస్తుంది గానీ నడుముకు ఆ తోపుడు తెలియదు. ఎంత ముందుగా బ్రేకు వేయాలన్న లెక్క ఇంట్లో పట్టుబడవచ్చు, తోపుడును బట్టి సర్దుకోవడం మాత్రం ఇంజన్ ఎక్కాకే వస్తుంది.

స్పర్శ మీదే ఆధారపడే పని అయితే ఇంటి కంప్యూటరు ఓడిపోయినట్టేనా? గరివిడిలోనే ఉన్న పశువైద్య కళాశాల విద్యార్థుల పనిని చూస్తే అలా తేల్చెయ్యలేం. ఆవుకు చూడి పరీక్ష చేయాలంటే తొడుగు వేసుకున్న చేతిని మోచేతి పైదాకా పురీషనాళంలోకి పోనిచ్చి, దాని గోడ మీదుగానే గర్భాశయాన్ని, అండాశయాలను వేళ్లతో పోల్చుకోవాలి. పక్కన నిలబడ్డ గురువుకు ఆ వేళ్లు ఎక్కడున్నాయో కనబడదు, విద్యార్థి తడిమినదేమిటో అతనికే తెలియదు. బ్రిటన్‌లో సారా బెయిలీ అనే పశువైద్యురాలు తయారుచేసిన ‘హాప్టిక్ కౌ’ ఈ చీకటిని తొలగించింది. వేలికి తగిలించిన యంత్రం తగిన ఒత్తిడిని పుట్టిస్తే, వేలు ఎక్కడుందో తెర చూపిస్తుంది. దాని మీద సాధన చేసినవాళ్లు నిజం ఆవులో గర్భాశయాన్ని మిగతావాళ్లకంటే బాగా పట్టుకోగలిగారు. అలాంటి యంత్రం ఇంటింటా ఉండదు నిజమే. కానీ ఏ అవయవం తరవాత ఏది తగులుతుంది, ఎటు వెతకాలి అన్న పటం మామూలు త్రిమితీయ నమూనాతోనూ మనసులో పడుతుంది. ఆ పటంతో కొట్టంలోకి వెళ్లినవాడు వెతుకులాటలో తక్కువ సేపు గడుపుతాడు. ఒక ఆవు మీద వరసగా ఎంతమంది చెయ్యి పెట్టవచ్చన్నదానికి హద్దుంది, పురీషనాళం పొర గీసుకుపోయి రక్తం వస్తే ఆ రోజుకు ఆ ఆవును వదిలెయ్యాల్సిందే.