కంపెనీ కూత

చేప ఒక పూట దాటితే వాసన వస్తుంది. అందుకే మనవాళ్ళు ఉప్పు రాసి ఎండబెడతారు. ఇంకో పద్ధతి కూడా ఉంది. చేపను రేకు డబ్బాలో పెట్టి, గాలి చొరకుండా మూత బిగిస్తారు. డబ్బాను బాగా వేడి చేస్తారు. అప్పుడు ఏళ్ళ తరబడి నిలవ ఉంటుంది.

అమెరికాలో లాస్ ఏంజిలిస్ అనే నగరం ఉంది. దాని రేవులో ఆల్బర్ట్ హాఫ్‌హిల్ అనే ఆయన చిన్న చేపలను డబ్బాల్లో పెట్టి అమ్మేవాడు. 1903లో ఆ చేపలు దొరకలేదు. బదులుగా ట్యూనా అనే పెద్ద చేపను పెట్టి చూశాడు. ఉడికితే దాని కండ కోడిమాంసంలా తెల్లగా ఉంది. జనానికి నచ్చింది. ఇంకా ఎన్నో కంపెనీలు వచ్చాయి.

మరి ఆ చేపను పట్టిందెవరు? జపాన్ నుంచి బతుకుతెరువు కోసం వచ్చిన జాలర్లు. వెదురు గడకు గాలం కట్టి, ఒక్కొక్క చేపనే పడవలోకి లాగేవాళ్ళు. రేవు పక్కనే టెర్మినల్ ఐలాండ్ అనే దీవి ఉంది. అక్కడ వాళ్ళ ఊరు వెలిసింది. సుమారు 3,000 మంది ఉండేవాళ్ళు. ఊళ్ళో పెద్ద బజారు పేరు ట్యూనా వీధి.

అర్ధరాత్రి పని

మగవాళ్ళు చేపలు తెచ్చేవాళ్ళు. డబ్బాల్లో నింపింది మాత్రం ఎక్కువగా ఆడవాళ్ళే. పడవ ఎప్పుడొస్తే అప్పుడే పని. చేప ఆగదు కదా! అర్ధరాత్రైనా కంపెనీ కూత వేసేది. ఒక్కో కంపెనీది ఒక్కో రకం కూత. తమ కూత వినగానే ఆడవాళ్ళు నిద్ర లేచి పరుగెత్తేవాళ్ళు. బల్లల ముందు గంటలకొద్దీ నిలబడేవాళ్ళు. ఉడికిన చేపకు తోలు, ముళ్ళు తీసేవాళ్ళు. నల్ల కండ వేరు చేసి, తెల్ల కండను డబ్బాల్లో పెట్టేవాళ్ళు. ఉండే ఇల్లు కూడా చాలామందికి కంపెనీదే. దానికి అద్దె కట్టాలి.

48 గంటలు

1941 డిసెంబరులో జపాన్, అమెరికాల మధ్య యుద్ధం మొదలైంది. జపాన్ వాళ్ళందరినీ అనుమానించారు. ముందు జాలర్లను పట్టుకుపోయారు. 1942 ఫిబ్రవరిలో మిగిలిన వాళ్ళకు ఆజ్ఞ వచ్చింది. 48 గంటల్లో ఊరు ఖాళీ చేయాలి! ఇంట్లో మిగిలింది ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు. సామాను ఎలా మోస్తారు? పాత సామాను వ్యాపారులు వచ్చి కారుచౌకగా అడిగారు.

జీన్ వాకాట్సుకి అనే అమ్మాయికి అప్పుడు ఏడేళ్ళు. పెద్దయ్యాక, 1973లో తమ కథను పుస్తకంగా రాసింది. వాళ్ళమ్మ చేపల కంపెనీలో పనిచేసేది. ఆమె దగ్గర మంచి పింగాణీ పళ్ళాలు ఉన్నాయి. కనీసం 200 డాలర్లు చేస్తాయి. వ్యాపారి 15 డాలర్లే ఇస్తానన్నాడు. ఆ తల్లి ఏం చేసిందో తెలుసా? ఒక్కొక్క పళ్ళెం తీసి అతని ముందే నేలకేసి కొట్టింది. అమ్మలేదు.

తర్వాత చాలామందిని మాంజనార్ అనే చోట శిబిరంలో పెట్టారు. దేశం మొత్తం మీద ఇలా సుమారు 1,20,000 మందిని నిర్బంధించారు. దీవిలో వాళ్ళ ఊరిని నేలమట్టం చేశారు. 1988లో ప్రభుత్వం తప్పు ఒప్పుకుంది. బతికున్న వాళ్ళకు ఒక్కొక్కరికి 20,000 డాలర్లు ఇస్తూ చట్టం చేసింది. ఊరు మాత్రం తిరిగి రాలేదు. కాలక్రమంలో చేపల కంపెనీలు కూడా కూలి తక్కువున్న చోట్లకు తరలిపోయాయి.

మిగిలింది రెండు కొట్లు

ఆ ఊళ్ళో ఇప్పుడు మిగిలినవి ట్యూనా వీధిలోని రెండు పాత కొట్లు. ఒకటి 1918లో, ఇంకొకటి 1923లో కట్టినవి. ఒకటి బట్టల కొట్టు, ఒకటి కిరాణా కొట్టు. 2025లో ఒక జాతీయ సంస్థ అమెరికాలో ప్రమాదంలో ఉన్న 11 పాత కట్టడాల జాబితాలో వీటిని చేర్చింది. వాటిని నిలబెట్టాలని ఆ ఊరివాళ్ళ పిల్లలు, మనుమలు పోరాడుతున్నారు.

పాత కొట్ల కోసం ఇంత పోరాటమా అనిపించవచ్చు. రాజుల కోటలను అందరూ కాపాడతారు. రెక్కలు ముక్కలు చేసుకున్న వాళ్ళకు కోటలుండవు. వాళ్ళు ఉప్పూ పప్పూ కొన్న కొట్టే వాళ్ళ గుర్తు. అది కూలితే, ఇక్కడ ఇంతమంది బతికారని చెప్పడానికి ఏం మిగులుతుంది?

ఆలోచించండి

మీ ఊళ్ళో ఆడవాళ్ళు ఎక్కువగా పనిచేసిన చోటు ఏది? అది ఇప్పుడు ఉందా? అక్కడ పనిచేసిన పెద్దవాళ్ళను అడగండి. వాళ్ళు చెప్పింది మీ నోటు పుస్తకంలో రాయండి.