పదో మనిషి దగ్గర ఆగిపోతున్న చిన్న పరిశ్రమ

న్యూఢిల్లీ: అది లూథియానాలో సైకిల్ విడిభాగాలు తయారుచేసే షెడ్డు కావచ్చు, కోయంబత్తూరులో పంపుసెట్ల పోత పని చేసే ఫౌండ్రీ కావచ్చు, హైదరాబాదు బాలానగర్‌లో నాలుగు లేతు మిషన్ల వర్క్‌షాపు కావచ్చు. మేస్త్రీతో కలిపి తొమ్మిది మంది పనివారు. ఎప్పుడూ వచ్చే దానికి రెట్టింపు ఆర్డరు చేతికి వచ్చిన రోజున యజమాని ముందుగా లెక్క చూసుకునేది యంత్రాలను కాదు, మనుషులను. మరో ఇద్దరిని చేర్చుకుంటే సరుకు గడువులోగా అందుతుంది. అయినా పాతవారి చేత రాత్రి దాకా ఓవర్‌టైం చేయించడమో, సగం పనిని పక్క షెడ్డుకు జాబ్‌వర్కు కింద పంపడమో ఎంచుకునే యజమానులు దేశంలో తక్కువేమీ కాదు.

ఈ వెనుకంజ జాతీయ గణాంకాలలోనూ కనిపిస్తుంది. 2013లో జరిగిన ఆరవ ఆర్థిక గణన ప్రకారం దేశంలో సుమారు 5.85 కోట్ల సంస్థలు ఉండగా వాటిలో పనిచేసేవారు 13.1 కోట్లు మాత్రమే. అంటే సగటున సంస్థకు ఇద్దరికి మించి ముగ్గురు కూడా లేరు. వాటిలో 70 శాతానికి పైగా సంస్థలలో కూలికి పెట్టుకున్న మనిషి ఒక్కరైనా లేరు. 2015-16లో జాతీయ శాంపిల్ సర్వే లెక్కించిన 6.34 కోట్ల సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థలలో దాదాపు అన్నీ సూక్ష్మ సంస్థలే. చిన్న పరిశ్రమలు మూడు లక్షల పైచిలుకు కాగా, మధ్యతరహావి ఐదు వేల ప్రాంతంలో ఉన్నాయి. మొలకలు కోట్లలో ఉన్నా చెట్టయ్యేవి వేళ్ళ మీద లెక్కించదగినన్నే అన్నమాట.

చట్టం గీసిన గీత

పది అనే అంకెకు ఉన్న ప్రత్యేకత 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంతో మొదలైంది. విద్యుత్తుతో నడిచే షెడ్డులో పదిమంది, విద్యుత్తు లేనిచోట ఇరవైమంది పనిచేస్తే అది ఫ్యాక్టరీ అవుతుందని ఆ చట్టం నిర్వచించింది. కార్మిక బీమా, గ్రాట్యుటీ కూడా పదిమంది వద్దనే మొదలవుతాయి. భవిష్యనిధికి, బోనసుకు ఇరవైమంది. ఒక్కో చట్టానికి ఒక్కో రిజిస్టరు, ఒక్కో రిటర్ను, తనిఖీకి ఒక్కో ఇన్‌స్పెక్టరు.

అమృత్ అమిరపు, మైఖేల్ గెష్టర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2005 నాటి ఆర్థిక గణన వివరాలను పరిశీలించినప్పుడు, సిబ్బంది పదికి చేరే చోట సంస్థల సంఖ్య హఠాత్తుగా పడిపోతున్నట్లు తేలింది. పదో మనిషిని చేర్చుకోవడం వల్ల ఒక్కో కార్మికునిపై యజమానికి పడే ఖర్చు దాదాపు 35 శాతం పెరిగినంత ప్రభావం కనిపించిందని వారు అంచనా వేశారు. ఈ భారం అన్ని రాష్ట్రాలలో ఒకే తీరుగా లేదు. అవినీతి ఎక్కువగా ఉన్నట్లు పేరుబడిన రాష్ట్రాలలోనే అది అధికంగా ఉంది. అంటే యజమాని భయపడుతున్నది చట్టం అడిగే సొమ్ముకు కాదు, చట్టం పేరు చెప్పి అడిగే సొమ్ముకు అనుకోవలసి వస్తుంది. కార్మిక సంఘాలు, యజమానుల సంఘాలు ఏళ్ళ తరబడి సాగిస్తున్న వాదోపవాదాలలో ఈ తేడా తరచుగా మరుగున పడుతున్నది.

నాలుగు కార్మిక కోడ్‌లు అమలులోకి వచ్చినట్లు కేంద్ర ప్రభుత్వం 2025 నవంబరు 21న ప్రకటించింది. వీటి ప్రకారం విద్యుత్తు ఉన్నచోట ఇరవైమంది, లేనిచోట నలభైమంది ఉంటేనే ఫ్యాక్టరీ అవుతుంది. కాని బీమాకు, గ్రాట్యుటీకి పదిమంది నిబంధన అలాగే ఉంది. గీత జరిగిందే తప్ప చెరిగిపోలేదు. ఇంతవరకు తొమ్మిది వద్ద ఆగిన షెడ్డు ఇకపై పంతొమ్మిది వద్ద ఆగుతుందా అన్నది రాబోయే గణనలే చెప్పాలి.

ప్రోత్సాహకాలు సైతం చిన్నవారిని చిన్నవారుగానే ఉండమన్నాయి. చిన్న పరిశ్రమలకు మాత్రమే కొన్ని వస్తువుల తయారీని ప్రత్యేకించే విధానం 1967లో 47 వస్తువులతో ప్రారంభమై, ఒక దశలో ఎనిమిది వందలు దాటింది. చివరి 20 వస్తువులను 2015లో జాబితా నుంచి తొలగించారు. పెరిగితే రాయితీ పోతుందన్న పాఠం మాత్రం అర్ధశతాబ్దం పాటు నేర్పినట్లయింది. పదేళ్ళు దాటినా వందమంది కార్మికులకు చేరని సంస్థలను 2018-19 ఆర్థిక సర్వే ‘మరుగుజ్జులు’గా వర్ణించింది. సంఘటిత తయారీ రంగంలో సగం సంస్థలు ఇటువంటివే అయినా, ఉద్యోగాలలో వాటి వాటా 14 శాతమేనని ఆ సర్వే పేర్కొంది.

రిజిస్టరులో లేని చెయ్యి

పదో మనిషి కాగితం మీద లేకపోయినా షెడ్డులో ఉంటాడు. ఒకే షెడ్డును మధ్యలో గోడ కట్టి తమ్ముడి పేరిట ఒకటి, భార్య పేరిట ఒకటి చేయడం పాత పద్ధతి. కాంట్రాక్టరు ద్వారా మనుషులను రప్పించడం తరువాతి పద్ధతి. ఈ మిగులు ఎవరి చేతుల మీదుగా వస్తున్నదో హర్యానాలోని గుర్‌గావ్, ఫరీదాబాద్ మోటారు విడిభాగాల యూనిట్లను చూస్తే తెలుస్తుంది. అక్కడ పవర్ ప్రెస్సుల కింద వేళ్ళు నలిగిపోయిన కార్మికుల స్థితిగతులపై ‘సేఫ్ ఇన్ ఇండియా ఫౌండేషన్’ 2019 నుంచి నివేదికలు వెలువరిస్తున్నది. బీమా కార్డు తొలిరోజే ఇవ్వవలసి ఉండగా, గాయపడినవారిలో అత్యధికులకు అది ప్రమాదం జరిగాకే చేతికి వచ్చిందని వాటిలో వెల్లడైంది. 2019 జూలై నుంచి ఈ బీమాకు యజమాని చెల్లించవలసినది వేతనంలో 3.25 శాతం, కార్మికుడు చెల్లించవలసినది 0.75 శాతం.

పేరు రాయని మనిషికి పని నేర్పడానికి కూడా యజమాని ఇష్టపడడు. నేర్చుకున్నవాడు నెలకు వెయ్యి రూపాయలు ఎక్కువ ఇచ్చే పక్క షెడ్డుకు పోతాడన్న అనుమానం. గ్రాట్యుటీ లేదు, భవిష్యనిధి లేదు, పండుగకు ఊరికి వెళ్ళినవాడు తిరిగి రావడానికి కారణమూ లేదు. 2020 లాక్‌డౌన్‌లో బీహారు, ఒడిషా కార్మికులు స్వస్థలాలకు వెళ్ళిపోగా, వారిని తిరిగి రప్పించుకోవడానికి పారిశ్రామిక పట్టణాలలోని యజమానులు సొంత ఖర్చుతో బస్సులు పంపవలసి వచ్చింది. మనిషిని నిలుపుకోవడం కొత్తవాడిని వెతుక్కోవడం కన్నా చౌక అని ఆ బస్సు కిరాయిలు తెలియజెప్పాయి.

కొడుకులెందరో యూనిట్లన్ని

తప్పంతా చట్టానిదే అనడానికీ వీలులేదు. ముంబయి పరిసరాలలోని 17 వస్త్ర పరిశ్రమ సంస్థలపై స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం, ప్రపంచ బ్యాంకు పరిశోధకులు 2008 నుంచి జరిపిన అధ్యయనంలో ఒక విచిత్రమైన అంశం బయటపడింది. సంస్థ పరిమాణాన్ని అన్నింటికన్నా బాగా సూచించినది యజమాని కుటుంబంలోని మగవారి సంఖ్య. సరుకు కొనుగోలు, ముఖ్యమైన నియామకాలు, గల్లా పెట్టె తాళం బయటివారికి అప్పగించడానికి మనసొప్పక, ఇంట్లో నమ్మదగిన మనిషి దొరికినంత మేరకే వ్యాపారాన్ని విస్తరించారు. ఆ ఇళ్ళలోని ఆడపిల్లలు ఈ లెక్కలో చేరకపోవడం వేరే కథ.

ఆ అధ్యయనంలో కొన్ని మిల్లులకు కన్సల్టెంట్లను ఉచితంగా పంపారు. వారు నేర్పినవి పెద్ద విద్యలేమీ కావు. ఏ మగ్గం ఎందుకు ఆగిందో రోజూ రాయడం, నూలును రంగులవారీగా సర్ది పెట్టడం, లోపాలున్న బట్టకు కారణం వెతకడం, పనిని బట్టి బోనసు ఇవ్వడం. మొదటి ఏడాదిలోనే ఉత్పాదకత 17 శాతం పెరిగింది. మూడేళ్ళలో కొత్త యూనిట్లు కూడా తెరిచారు. 2017లో పరిశోధకులు మళ్ళీ వెళ్ళి చూసేసరికి నేర్పిన పద్ధతులలో దాదాపు సగం అటకెక్కాయి. అయినా కన్సల్టెంట్లు వెళ్ళని మిల్లుల కన్నా అవి మెరుగ్గానే ఉన్నాయి.

ఇటువంటి ప్రయోగం తెలుగునాట అంతకు చాలాముందే జరిగింది. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్‌క్లెలాండ్ 1964లో కాకినాడ వ్యాపారులను హైదరాబాదులోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థకు రప్పించి, పదిరోజుల పాటు సాధన కాంక్షపై శిక్షణ ఇప్పించారు. శిక్షణ పొందినవారు ఆ తరువాత పొందనివారి కన్నా ఎక్కువగా కొత్త వ్యాపారాలు ప్రారంభించి, ఎక్కువమందికి పని కల్పించారని 1969లో వెలువడిన ఆయన గ్రంథం పేర్కొంటున్నది. యూసుఫ్‌గూడలోని ఆ సంస్థ నేడు ‘నిమ్స్‌మే’గా పనిచేస్తున్నది.

సాయం ఉంది, షరతు ఉంది

పని నేర్పే ఖర్చును పంచుకోవడానికి అప్రెంటిస్ చట్టం 1961 నుంచి ఉంది. 2019లో సవరించిన నిబంధనల ప్రకారం ముప్పైమంది, ఆపైన ఉన్న సంస్థలు సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం వరకు అప్రెంటిస్‌లను తప్పక తీసుకోవాలి. నలుగురి నుంచి 29 మంది వరకు ఉన్న యూనిట్లకు అది ఐచ్ఛికం. 2016లో ప్రారంభమైన ప్రోత్సాహక పథకం స్టయిపెండులో నాలుగో వంతును, 1,500 రూపాయలకు మించకుండా, ప్రభుత్వం భరించేలా రూపొందింది.

కొత్త నియామకాల కోసం కేంద్ర మంత్రివర్గం 2025 జూలైలో సుమారు 99,446 కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించింది. 2025 ఆగస్టు 1 నుంచి 2027 జూలై 31 వరకు కల్పించే ఉద్యోగాలకు ఇది వర్తిస్తుంది. అదనంగా చేర్చుకున్న ఒక్కొక్కరికి నెలకు 3,000 రూపాయల వరకు రెండేళ్ళ పాటు యజమానికి అందుతుంది. తయారీ రంగానికైతే మరో రెండేళ్ళు. యాభైమంది లోపు ఉన్న సంస్థ కనీసం ఇద్దరిని చేర్చుకుని ఆరు నెలలు కొనసాగించాలి. అయితే సంస్థ భవిష్యనిధిలో నమోదై ఉండాలి. తొమ్మిది మంది ఉన్న షెడ్డుకు ఆ నమోదు తప్పనిసరి కాదు, కావాలంటే స్వచ్ఛందంగా చేరవచ్చు. ఇన్నాళ్ళూ ఏ రిజిస్టరు నుంచి తప్పించుకున్నాడో ఆ రిజిస్టరులోకి యజమాని తానే నడిచివెళ్ళాలి.

జీతాలకు కావలసిన రొక్కం సంగతి మరొకటి. 45 రోజులలోగా బిల్లు చెల్లించని కొనుగోలుదారు బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ ఇవ్వాలని 2006 నాటి చట్టం చెబుతున్నది. బకాయిని చెల్లించేదాకా ఆ ఖర్చుకు ఆదాయ పన్ను మినహాయింపు ఉండదని 2023లో మరో నిబంధన చేర్చారు. ఏటా ఆర్డరు ఇచ్చే పెద్ద కంపెనీపై ఫిర్యాదు చేయగల చిన్న యజమాని అరుదు. కూలి మాత్రం వారం వారం ఇవ్వాలి. బిల్లు మూడో నెలలో చేతికి వచ్చేలోగా పన్నెండు శనివారాలు గడుస్తాయి.