సూత్రం గుర్తుకు రానప్పుడు

భౌతిక, రసాయన శాస్త్రాల పరీక్షకు సిద్ధమయ్యే పిల్లలకూ, వారి వెన్నంటి ఉండే పెద్దలకూ ఉపకరించే కొన్ని పద్ధతులు

ఫిబ్రవరి మాసం. రాత్రి పన్నెండు కావస్తున్నది. ఇంటిల్లిపాదీ నిద్రపోయినా ముందు గదిలో దీపం వెలుగుతూనే ఉన్నది. బల్ల ముందు కూర్చున్న కుర్రవాడు లోలకాన్ని గురించిన పాఠాన్ని నాలుగవసారి చదువుతున్నాడు. దాదాపు ప్రతి పంక్తి కిందా ఎర్రసిరా గీత ఉన్నది. అంతా వచ్చినట్లే తోచింది. కాని మరునాడు కళాశాలలో పెట్టిన చిన్న పరీక్షలో అతని కలం ఆగిపోయింది. లోలకపు ఆవర్తన కాలం వ్రాసేటప్పుడు వర్గమూలంలో పైన ఉండవలసినది పొడవా, గురుత్వ త్వరణమా?

దేశంలో ఏటా పన్నెండవ తరగతి, ఇంటర్మీడియట్ చదివే లక్షలాది విద్యార్థులలో ఈ అనుభవం ఎరుగని వారు అరుదు. వీరు సోమరులు కారు. చదివే గంటలకూ కొదవ లేదు. లోపమల్లా చదివే తీరులోనే ఉన్నది.

చూచినదంతా వచ్చినట్లు కాదు

జర్మనీకి చెందిన హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు అర్థంలేని అక్షరాల గుంపులను తానే కంఠస్థం చేసి, ఎంత కాలానికి ఎంత మరచిపోతున్నాడో లెక్కకట్టి 1885లో ప్రకటించాడు. నేర్చుకోవడానికి పడిన శ్రమలో ఒక్క రోజు గడిచేసరికి మూడింట రెండు వంతులు వృథా అయినట్లు ఆయన లెక్కలో తేలింది. అర్థంలేని దానిని మనసు అంత త్వరగా జారవిడుస్తుంది. అర్థం తెలియకుండా వల్లించిన సూత్రానికి పట్టే గతి కూడా దాదాపు అదే.

అమెరికాలో రోడిగర్, కార్పికే అనే పరిశోధకులు 2006లో మరొక సంగతి నిరూపించారు. కొందరు విద్యార్థులు ఒక పాఠాన్ని రెండుసార్లు చదివారు. మరికొందరు ఒకసారి చదివి, రెండవసారి పాఠం చూడకుండా గుర్తున్నది వ్రాశారు. అయిదు నిమిషాల తరువాత పరీక్షిస్తే రెండుసార్లు చదివినవారే మెరుగు. వారం తరువాత పరీక్షిస్తే ఫలితం తారుమారయింది: చూడకుండా వ్రాసినవారికి 56 శాతం గుర్తున్నది, మళ్ళీ చదివినవారికి 42 శాతమే మిగిలింది.

అందువల్ల మొదటి సూత్రం ఇది: ఒక్కసారి శ్రద్ధగా చదివి, పుస్తకం మూసి, తెల్లకాగితం మీద వ్రాయాలి. ఎక్కడ ఆగిపోయారో అక్కడే మళ్ళీ చూడాలి. మరునాడు ఒకసారి, వారానికి ఒకసారి ఇదే పని చేయాలి.

ప్రమాణాలే కాపలాదారులు

భౌతికశాస్త్రంలో జ్ఞాపకం మోసం చేసినా ప్రమాణాలు మోసం చేయవు. లోలకం సంగతే చూడండి. పొడవుకు మీటరు, గురుత్వ త్వరణానికి సెకను వర్గానికి ఇన్ని మీటర్లు అన్నవి ప్రమాణాలు. పొడవును త్వరణంతో భాగిస్తే మిగిలేది సెకను వర్గం. దాని వర్గమూలం సెకను. మనకు కావలసింది కాలమే గనుక పొడవు పైన, త్వరణం కింద ఉండి తీరాలి. 2π వంటి అంకెలను ఈ పద్ధతి చెప్పలేదు గాని, తలక్రిందులైన సూత్రాన్ని మాత్రం ఇట్టే పట్టిస్తుంది.

యాంత్రికశాస్త్రపు లెక్కలలో మరొక అలవాటు మేలు చేస్తుంది. ముందుగా బొమ్మ గీయాలి. వస్తువును ఒక్కదానినే వేరుగా చూపి, దానిపై పనిచేసే బలాలన్నిటినీ బాణాలతో గుర్తించాలి. ఆ తరువాతనే సమీకరణం వ్రాయాలి. తప్పులలో అధిక భాగం గణితంలో జరగవు, గీయని బొమ్మలో జరుగుతాయి.

జవాబును నిలదీయండి

రసాయనశాస్త్రంలో పేరుమోసిన ప్రశ్న ఒకటి ఉన్నది. లీటరుకు 10⁻⁸ మోల్‌ల హైడ్రోక్లోరిక్ ఆమ్లం గల ద్రావణపు పీహెచ్ ఎంత? తొందరపడినవాడు 8 అని వ్రాస్తాడు. పీహెచ్ 8 అంటే క్షారం. నీటిలో ఆమ్లం కలిపితే క్షారం ఎలా అవుతుంది? ఈ ఒక్క ప్రశ్న వేసుకుంటే నీరు తానుగా ఇచ్చే హైడ్రోజన్ అయాన్లు గుర్తుకు వస్తాయి. అవి ఆమ్లం ఇచ్చే వాటికంటె ఎక్కువ. వాటిని కూడా లెక్కలోనికి తీసుకుంటే సరియైన జవాబు 6.98 వస్తుంది.

మూలకాల ధర్మాలను విడివిడిగా బట్టీపట్టడం కూడా వృథాశ్రమ. మెండెలీవ్ 1869లో ఆవర్తన పట్టికను కూర్చినప్పుడు అప్పటికి తెలియని మూలకాలకు ఖాళీలు విడిచాడు. వాటిలో ఒకదాని పరమాణు భారం సుమారు 72 ఉంటుందని ఊహించాడు. 1886లో వింక్లర్ కనుగొన్న జర్మేనియం పరమాణు భారం 72.6. కారణం తెలిసినవాడికి కనబడని మూలకం కూడా కనబడుతుంది. వరుసలో ఎడమ నుండి కుడికి పోయేకొద్దీ కేంద్రక ఆకర్షణ పెరుగుతుంది, పరమాణువు కుంచించుకుపోతుంది, ఎలక్ట్రానును లాగడం కష్టమవుతుంది. ఈ ఒక్క తీగ లాగితే డొంకంతా కదులుతుంది. నైట్రోజన్ కంటె ఆక్సిజన్ నుండి మొదటి ఎలక్ట్రానును తీయడం సులభం కావడం వంటి మినహాయింపులను మాత్రం విడిగా, కారణంతో సహా, వ్రాసిపెట్టుకోవాలి.

మూడు గంటల పొదుపు

కేంద్రీయ మాధ్యమిక విద్యామండలి పన్నెండవ తరగతిలో ఈ రెండు శాస్త్రాలకూ వ్రాతపరీక్షకు 70, ప్రయోగ పరీక్షకు 30 మార్కులు కేటాయించింది. వ్రాతకు ఇచ్చే మూడు గంటలను పంచితే మార్కుకు రెండున్నర నిమిషాలు. మూడు మార్కుల ప్రశ్నపై ఇరవై నిమిషాలు కూర్చోవడం దుబారా. పరీక్షకు ముందు నెలలో కనీసం వారానికి ఒకసారి గడియారం ఎదుట పెట్టుకొని పాత ప్రశ్నపత్రం పూర్తిగా వ్రాయడం మంచిది. చేసిన తప్పులకు వేరే నోటుపుస్తకం ఉంచుకొంటే, ఆఖరి రెండు రోజులలో అంతకు మించిన పాఠ్యపుస్తకం ఉండదు. నిద్రను మాత్రం తగ్గించరాదు. ఈ వయసువారికి ఎనిమిది గంటల నిద్ర అవసరమని వైద్యులు చెబుతారు.

మార్కులకంటె విలువైనది

2019 ఏప్రిల్‌లో తెలంగాణలో ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన తరువాత ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారని పత్రికలు వ్రాశాయి. తప్పిన పరీక్షను మళ్ళీ వ్రాయవచ్చు. ఆ మాట ఫలితాలు వచ్చిన నాడు కాక, పరీక్షకు ముందే ఇంటిలో వినబడాలి. బిడ్డ తిండి మానినా, మాట తగ్గించినా దగ్గర కూర్చోవాలి. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్ 14416 నంబరుకు ఫోను చేస్తే సలహా లభిస్తుంది.

పెద్దలకు శాస్త్రం తెలియనక్కర లేదు. వినే ఓపిక ఉంటే చాలు. ఆ కుర్రవాడు ముఖం వేలాడేసుకొని ఇంటికి వచ్చిన సాయంత్రం, బియ్యం ఏరుతున్న తల్లి అన్నది, ‘‘అదేమిటో నాకు తెలిసేట్టు చెప్పరా, నాన్నా!’’

అతడు కాసేపు ఆలోచించాడు. ‘‘చంద్రుడి మీద ఆకర్షణ ఇక్కడి దానిలో ఆరో వంతేనమ్మా. అక్కడ ఉయ్యాల కట్టి ఊపితే నెమ్మదిగా ఊగుతుంది. ఒక్కొక్క ఊపుకూ ఎక్కువ సేపు పడుతుంది. ఆకర్షణ తగ్గితే కాలం పెరుగుతుంది, అంటే...’’ అని ఆగి, నవ్వాడు. ‘‘అంటే అది కిందే ఉండాలి!’’

ఇక ఆ సూత్రం కోసం అతడు పుస్తకం తెరవవలసిన అవసరం రాలేదు.