చైనీస్ అక్షరాలు చదవడం: పోలికా? పెంపకమా?

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళాను. మా అక్క కొడుకు మూడో క్లాసు. తెలుగు పాఠం కూడబలుక్కుని చదువుతుంటే మా అమ్మ, "అచ్చం మేనమామ పోలికే" అనేసింది. అందరూ నవ్వారు. అక్క మాత్రం నవ్వలేదు. క్లాసులో లేచి చదవమంటే నాకూ చెమటలు పట్టేవి, కాబట్టి అమ్మ మాట తప్పని అనలేను. కానీ పోలిక అనేస్తే ఇంక చేసేదేం లేదనా? ఆ ప్రశ్న పట్టుకుని హాంకాంగ్ దాకా వెళ్ళాను. పేపర్లలోనే లెండి.

హాంకాంగే ఎందుకంటే, చైనీస్‌కి మనలాంటి అక్షరమాల లేదు. మనకి గుణింతాలూ ఒత్తులూ వస్తే చాలు, అర్థం తెలియని మాటైనా పైకి చదివేస్తాం. చైనాలో ప్రైమరీ స్కూలు అయ్యేసరికి పిల్లలు దాదాపు 3,000 అక్షరాలు గుర్తుపట్టాలి. అక్కడ ఉచ్చారణ నేర్పడానికి పిన్యిన్ అని రోమన్ లిపి సాయం ఉంటుంది. హాంకాంగ్ పిల్లలకి మామూలుగా అదీ ఉండదు. అక్షరం చూడు, పైకి చెప్పు, అంతే.

అలాగని మొత్తం బట్టీ కాదు. "అమ్మ" అనే అక్షరం చూడండి. ఎడమ పక్క ఆడమనిషి గుర్తు, కుడి పక్క గుర్రం గుర్తు. అమ్మకీ గుర్రానికీ ఏంటి సంబంధం? అర్థంలో ఏమీ లేదు. గుర్రాన్నీ "మా" అంటారు, అమ్మనీ "మా" అంటారు, స్వరం ఒక్కటే తేడా. అంటే ఒక ముక్క అర్థానికి, ఇంకో ముక్క శబ్దానికి. చాలా అక్షరాల కట్టుబడి ఇదే, కాకపోతే ఆ శబ్దం క్లూ అన్నిసార్లూ సరిగ్గా కుదరదు.

ఇప్పుడు కవలల దగ్గరికి వద్దాం. ఐడెంటికల్ కవలలకి జీన్స్ దాదాపు ఒకటే. మామూలు కవలలకి సగటున సగం కలుస్తాయి, సొంత అన్నదమ్ముల్లాగే. రెండు రకాల జంటలకీ ఇల్లు ఒకటే. చదవడంలో ఐడెంటికల్ వాళ్ళే ఎక్కువ దగ్గరగా ఉంటే, ఆ అదనపు దగ్గరతనం జీన్స్ వల్ల వచ్చిందని లెక్క. 2011లో హాంకాంగ్ నుంచి ఇలాంటి స్టడీ ఒకటి వచ్చింది. 3 నుంచి 11 ఏళ్ళ వయసున్న 312 జంటలు. పదాలు చదవడం, స్వరాల తేడా పట్టడం, చూసింది చకచకా పేరు చెప్పడం లాంటి వాటిలో పిల్లల మధ్య తేడాల్లో 42 నుంచి 73 శాతం జీన్స్ వైపు తేలింది. మాటల సంపద, అక్షరం ఎలా కడతారన్న అవగాహన లాంటి వాటిలో 35 నుంచి 63 శాతం ఇద్దరూ పంచుకున్న వాతావరణం వైపు పోయింది. ఇల్లూ, బడీ అన్నీ అందులోకే వస్తాయి. ఇంగ్లీషు పిల్లల్లో కనిపించిందీ చాలావరకు ఇదే. లిపి అంత వేరైనా!

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. 70 శాతం జీన్స్ అంటే మీవాడి చదువులో 70 శాతం పుట్టుకతో ఫిక్స్ అని కాదు. నా పాత ఉద్యోగం భాషలో చెప్తాను. పది ప్రోగ్రాములు ఒకే సర్వర్ మీద నడిపితే, స్పీడు తేడాలన్నీ కోడ్ వల్లే వచ్చినట్టు కనపడతాయి. సర్వర్ మార్చితే పదీ స్పీడ్ అవ్వొచ్చు. ఆ శాతం మనుషుల మధ్య తేడాల గురించి, ఒక్క మనిషి గురించి కాదు. "డీసీడీసీ2" లాంటి జీన్స్‌కి చదవడంతో లింకు ఉందని స్టడీలు వచ్చాయి. అయితే ఒక్కో జీన్ ప్రభావం చాలా చిన్నది. "చదువు జీన్" అని ఒకటి లేదు.

రెండో బోల్తా ఇంటి వైపు ఉంది. ఇంట్లో పుస్తకాలుంటే పిల్లలు బాగా చదువుతారు, నిజమే. కానీ పుస్తకాలు కొన్నదీ, జీన్స్ ఇచ్చిందీ ఆ అమ్మానాన్నలే కదా! ఏది దేనివల్లో విడదీయడం కష్టం.

అందుకే నాకు బాగా నచ్చింది ఇంకో స్టడీ, ఎందుకంటే అందులో ఇంటినే మార్చి చూశారు. 2008లో, హాంకాంగ్ కిండర్‌గార్టెన్ పిల్లలతో, 12 వారాలు. కొందరు తల్లిదండ్రులు కథ చదివి ఊరుకోకుండా మధ్యమధ్యలో ప్రశ్నలడిగి పిల్లల చేత మాట్లాడించారు. దాంతో పిల్లలకి మాటలు పెరిగాయి. ఇంకో గుంపు దీనికి తోడు మాటల్ని విడగొట్టే ఆటలు ఆడించింది. చైనీస్‌లో "కరెంటు" పక్కన "మెదడు" పెడితే కంప్యూటర్, "మాట" పెడితే ఫోను, "నీడ" పెడితే సినిమా. ఇలా అతికించి విడగొట్టే ఆటలన్నమాట. ఆ గుంపు పిల్లలు అక్షరాలు గుర్తుపట్టడంలో కూడా ముందుకెళ్ళారు. మారింది జీన్స్ కాదుగా!

అయితే అమ్మ అన్న "పోలిక"ని కొట్టిపారేయకండి. డిస్లెక్సియా కుటుంబాల్లో నడుస్తుంది. మేనమామకో నాన్నకో చదవడం కష్టమైతే, పిల్లాణ్ణి బద్ధకస్తుడు అని తిట్టేముందు టెస్ట్ చేయించాలి, అదీ తొందరగా. ఇదంతా అక్కకి ఫోన్‌లో చెప్పాను. వచ్చే వారం అపాయింట్‌మెంట్ తీసుకుంది. ఫారంలో "కుటుంబంలో ఇంకెవరికైనా ఉందా" అని ఒక గడి ఉందట. నా పేరు రాయమన్నాను.

సరే అండీ, ఉంటాను.