చన్నీటి లోతుల్లో వెచ్చని లోబట్టలు

ఈనాటి విషయం వినగానే మీరు నవ్వుకుంటారేమో! చీర కుచ్చెళ్లు తడిస్తేనే విసుక్కునే మనకు, సముద్రం అడుగుకు దిగేవాళ్ల లోబట్టల గొడవ ఎందుకమ్మా అంటారు. మొన్నటిదాకా నేనూ అలాగే అనేదాన్ని.

మా అమ్మాయి స్కాట్లండు పడమటి తీరాన ఓబన్ అనే ఊళ్లో వుండి సముద్రజీవుల గురించి చదువుకుంటోంది. వెళ్లేటప్పుడు సామాను సర్దింది నేనే. చలిదేశం గదా, లోపల మెత్తగా వుంటాయని అరడజను నూలు బనీన్లు, నూలు పైజమాలు పెట్టాను. మార్చి నెలలో అవి తొడుక్కునే నీళ్లలోకి దిగిందట. అరగంటకు పైకి వచ్చేసరికి వేళ్లు కొయ్యబారిపోయి, నడుముకున్న పట్టీ తనంతట తాను విప్పుకోలేకపోయింది. పక్కనున్న పిల్ల విప్పిందట. ఆ మాట ఫోనులో విన్న రాత్రి నాకు నిద్ర పడితే ఒట్టు. ఆ బట్టలు పెట్టింది నేనే గదా!

అక్కడ చలికాలం చివర సముద్రపు నీరు ఆరేడు డిగ్రీలు మాత్రమే వుంటుంది. మన ఫ్రిజ్జులో మంచినీళ్ల సీసా ఎంత చల్లగా వుంటుందో ఇంచుమించు అంత. పైగా గాలికంటే నీరు ఒంటి వేడిని సుమారు పాతిక రెట్లు వేగంగా లాగేస్తుంది. అందుకే అక్కడివాళ్లు డ్రై సూట్ అనే తొడుగు వేసుకుంటారు. మెడ దగ్గర, మణికట్టు దగ్గర రబ్బరు పట్టీలు బిగిసి వుంటాయి. నీరు లోపలికి రాదు. ఇక్కడే చాలామంది పొరపడతారు. పలుచని రకం సూటు నీటిని ఆపుతుందే గాని వెచ్చదనం ఇవ్వదు. వెచ్చదనమంతా లోపలి బట్ట పట్టి వుంచే గాలిది. మన బొంత కూడా అంతే గదా, దూది సందుల్లోని గాలే మనకు వెచ్చన.

మరి నూలు చేసిన అపచారం ఏమిటి? వేసవిలో మంచినీళ్ల కూజాకు మనం ఏ గుడ్డ చుడతాం? తడిపిన నూలుగుడ్డ. చల్లబడాలనే చుడతాం. ఒడ్డున సూటు తొడుక్కుని, బరువులు మోసుకుని పడవ ఎక్కేసరికి ఎవరికైనా చెమట పడుతుంది. నూలు ఆ చెమటను పీల్చి, తడిసి, ఒంటికి అంటుకుపోతుంది. గాలి వుండాల్సిన సందుల్లో నీళ్లు చేరతాయి. ఒళ్లు చల్లబడితే శరీరం ముందు గుండెనూ ఊపిరితిత్తులనూ కాపాడుకోవాలని చేతులకు పోయే రక్తాన్ని తగ్గించేస్తుంది. గ్లవ్సులు ఎంత మంచివైనా వేళ్లు మొద్దుబారడానికి కారణం ఇదే. నీళ్లలో గాలి మీటలు నొక్కవలసింది ఆ వేళ్లే!

కాబట్టి ఒంటికి తగిలే మొదటి పొర సన్నని మెరినో ఉన్నిది గాని, చెమటను పైకి లాగే పాలియెస్టరుది గాని వుండాలి. నా ఓటు ఉన్నికే. తన బరువులో మూడోవంతు దాకా తేమ పీల్చుకున్నా అది ఒంటికి తడిగా తగలదు, వాసనా త్వరగా పట్టదు. ఉన్ని గుచ్చుకుంటుందని భయపడకండి. మెరినో నూలుపోగు చాలా సన్నం. దానిపైన ఫ్లీస్ అనే నూగుబట్ట పొర.

అలాగైతే నాలుగు స్వెట్టర్లు దట్టించి పంపితే సరి అనుకున్నాను నేను. "వద్దమ్మా, ఆ పని మాత్రం చెయ్యకు," అంది అమ్మాయి. పది మీటర్ల లోతుకు వెళ్లేసరికి సూటులోని గాలి నీటి ఒత్తిడికి సగానికి కుదించుకుపోతుంది. అప్పుడు సిలిండరు నుంచి కొంచెం గాలి లోపలికి వదులుకుంటారు. బట్ట లావైన కొద్దీ లోపల గాలి ఎక్కువ వుంటుంది. గాలి ఎక్కువైతే మనిషి తేలిపోతుంది. మునగడానికి నడుముకు ఇంకా సీసం కట్టుకోవాలి. ఆ గాలి గనక పాదాల వైపు పోయిందంటే మనిషి తలకిందులౌతుంది. పైగా చేతులు వెనక్కి అందవు. మెడ వెనక సిలిండరు మీట తిప్పలేని మనిషికి ఆపద వస్తే ఏం చేస్తుంది చెప్పండి?

అందుకని లావుపాటి పొర ఒకటి కన్నా పలుచని పొరలు రెండు మేలు. గళ్లుగళ్లుగా నేసిన ఫ్లీస్ వుంటుంది. పల్లంలో గాలి నిలుస్తుంది, గట్టు ఒంటికి తగులుతుంది, లావు మాత్రం వుండదు. కొనేటప్పుడు వేళ్లతో గట్టిగా నొక్కి వదలండి. వెంటనే పొంగిందా, మంచిది. అణిగిపోయి వుండిపోయిందా, లోతులోనూ అంతే. ఆపైన సూటు కూడా తొడిగి గొంతుక్కూర్చోవాలి, చేతులు పైకెత్తాలి, మెడ వెనక తడుముకోవాలి. ఎక్కడ పట్టేసినా ఆ బట్ట వద్దు. బిగుతు మేజోళ్లు అసలే వద్దు. రక్తం ఆడక కాళ్లు మరింత చల్లబడతాయి.

బట్ట అంచు మెడపట్టీ కిందికో మణికట్టు పట్టీ కిందికో చేరితే నీరు కారుతుంది. జుట్టుపాయ ఒక్కటి చిక్కినా అంతే. పొడుగు జడవాళ్లు జాగ్రత్త. సూటు తొడిగేముందు ఒకటికి వెళ్లి రావడం మరచిపోకూడదు. తర్వాత గంటన్నర దాకా వీలుపడదు మరి!

ఉతకడం మన చేతిలో పనే. ఉన్నిని చన్నీళ్లలో తేలికపాటి సబ్బుతో ఉతికి, పిండకుండా తువ్వాలులో చుట్టి నొక్కి, నీడన పరిచి ఆరెయ్యాలి. మెత్తదనానికి వేసే సువాసన ద్రావకాలు వెయ్యకండి. అవి పోగుకు పూతలా పట్టి చెమట లాగే గుణాన్ని చెడగొడతాయి.

ఈసారి పార్సెల్లో రెండు జతల మెరినో పెట్టాను. ఆ నూలు బనీన్లు ఇప్పుడు అక్కడ గిన్నెలు తుడవడానికి పనికొస్తున్నాయట.